స్టాండ్స్ ఖాళీగా ఎందుకుంటున్నాయి? జనం రాకపోవడం వల్లా, ఓనర్లు ఖర్చు పెట్టకపోవడం వల్లా? (అమెరికా బేస్‌బాల్: ఏస్, రేస్, పైరేట్స్)

ఫోల్సమ్ శ్రీను:
అందరికీ నమస్తే. ఏస్ టీమ్ (అథ్లెటిక్స్‌కి ముద్దుపేరు) ఓక్లాండ్ వదిలి మా పక్కకి, వెస్ట్ శాక్రమెంటోకి వచ్చిన దగ్గర్నుంచి నాకు బేస్‌బాల్ పిచ్చి పట్టుకుంది. సట్టర్ హెల్త్ పార్క్‌లో మహా అయితే 14 వేల మంది పడతారు. అయినా 2025 సీజన్‌లో సగటు 9,500 దగ్గరే ఆగిపోయింది. ఆట బాగోలేదా అంటే అదీ కాదు. నిక్ కర్ట్జ్ జులైలో హ్యూస్టన్‌లో ఒకే గేమ్‌లో నాలుగు హోమ్ రన్లు కొట్టాడు, రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏడాది మేటి కొత్త ఆటగాడు) అయ్యాడు. జాకబ్ విల్సన్ మొదటి పూర్తి సీజన్‌లోనే .311 బ్యాటింగ్ సగటు కొట్టాడు. ఇలాంటి కుర్రాళ్లని పెట్టుకుని కూడా ఇన్ని సీట్లు ఎందుకు మిగులుతున్నాయి? ఆఫీసులో ఒకాయన "జనం రారు కాబట్టి ఓనర్ పెట్టడు" అంటాడు, ఇంకొకాయన "ఓనర్ పెట్టడు కాబట్టే జనం రారు" అంటాడు. ఎన్నో ఏళ్లుగా చూస్తున్నవాళ్లు ఇక్కడ ఉన్నారు కదా, మీరేమంటారు?

వార్మ్‌స్ప్రింగ్స్ రాఘవ:
శ్రీను తమ్ముడూ, మీ రెండో కొలీగ్‌దే కరెక్టు. ఓక్లాండ్ చరిత్రే దానికి సాక్ష్యం.

1979లో ఏస్ గేమ్‌లకి సీజన్ మొత్తం మీద వచ్చింది 3 లక్షల 6 వేల మంది. ఆ ఏడాది ఏప్రిల్ 17న ఒక గేమ్‌కి లెక్క చెప్పింది 653 మంది. 72, 73, 74 వరసగా మూడు వరల్డ్ సిరీస్‌లు గెలిచిన టీమ్ అది! కానీ ఓనర్ చార్లీ ఫిన్లీ ఆ స్టార్లని ఒక్కొక్కరినీ వదిలేసుకున్నాడు, టీమ్‌ని ఊరు దాటిద్దామని చూశాడు. 1980లో లీవై స్ట్రాస్ కుటుంబానికి చెందిన వాల్టర్ హాస్ కొన్నాడు. ఊరు మారలేదు, స్టేడియం మారలేదు, జనం మారలేదు. ఓనర్ ఒక్కడే మారాడు. పదేళ్లు తిరిగేసరికి, 1990లో, అదే కొలీజియంకి 29 లక్షల మంది వచ్చారు. బే అవతల శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ కన్నా చాలా ఎక్కువ. 1991లో లీగ్ మొత్తంలో ఎక్కువ పేరోల్ (ఆటగాళ్ల జీతాల మొత్తం) ఓక్లాండ్‌దే. ఇది చిన్న మార్కెట్ అని ఇప్పుడు చెప్పేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

2005లో లూ వుల్ఫ్, జాన్ ఫిషర్ 18 కోట్ల డాలర్లకి కొన్నారు. ఫిషర్ అంటే గ్యాప్ బట్టల కంపెనీ వాళ్ల అబ్బాయి. వచ్చిన మరుసటి సంవత్సరమే మూడో అంతస్తు సీట్లన్నిటి మీదా టార్పాలిన్ కప్పేశారు. కప్పేశాక "చూశారా, జనం రావట్లేదు, ఇక్కడ నడవదు" అన్నారు. 2006 నవంబర్‌లో మా ఫ్రీమాంట్‌కి తెస్తామన్నారు, పసిఫిక్ కామన్స్ దగ్గర స్టేడియం, సిస్కో పేరుతో. 2009 ఫిబ్రవరిలో వదిలేశారు. తర్వాత శాన్ హోసే, తర్వాత లేనీ కాలేజ్ పక్కన, తర్వాత హోవార్డ్ టెర్మినల్. ఏళ్ల తరబడి "మేం వెళ్లిపోతాం" అనే టీమ్‌కి సీజన్ టికెట్ ఎవడు కొంటాడండీ?

డాడ్జర్స్ కిరణ్:
రాఘవ గారూ, బాధ అర్థమైంది, కానీ లెక్క ఒకవైపే చూపిస్తున్నారు. ఏడాదికి 162 గేమ్‌లలో 2018లో 97, 2019లో 97 గెలిచారు. ఓల్సన్, చాప్‌మన్, సెమియన్ లాంటి స్టార్లందరూ ఉన్నారు. 2019 మొత్తం హాజరు 16.7 లక్షలు. అదే ఏడాది జెయింట్స్ 77 గెలిచి కూడా 27 లక్షల దాకా తెచ్చుకున్నారు. గెలిచినా రాని ఊరిలో ఏ ఓనర్ 20 కోట్ల డాలర్ల పేరోల్ పెడతాడు? మా డాడ్జర్స్ 2025లో 40 లక్షలు దాటారు. ఒటానీకి పదేళ్లకి 70 కోట్ల డాలర్లు ఇవ్వగలిగారంటే ఆ జనం ఉన్నారు కాబట్టే. పైగా జెయింట్స్ 2000లో స్టేడియం ఎక్కువ భాగం సొంత డబ్బుతో కట్టుకున్నారు, ఊరు నడిబొడ్డున. ఏస్ ఉన్నదేమో డ్రైనేజీ పొంగి క్లబ్‌హౌస్‌లోకి వచ్చిన కొలీజియంలో.

వార్మ్‌స్ప్రింగ్స్ రాఘవ:
కిరణ్, మీరే చెప్పిన 2019 తీసుకుందాం. ఆ అక్టోబర్ వైల్డ్ కార్డ్ గేమ్‌కి (ప్లేఆఫ్స్‌లో మొదటి నాకౌట్ గేమ్) టార్పాలిన్లు తీశారు. ఎంతమంది వచ్చారో తెలుసా? 54,005. జనం లేరన్న ఊరిలోనే. ఓడిపోయాం, అది వేరే సంగతి. ఆ తర్వాత ఏం జరిగింది? సెమియన్ బే ఏరియాలో పుట్టి పెరిగిన ఆటగాడు. అతనికి ఇవ్వజూపింది ఏడాదికి కోటీ పాతిక లక్షల డాలర్లని వార్తలొచ్చాయి, అందులో కోటి డాలర్లు పదేళ్ల వాయిదాల్లో. వెళ్లిపోయాడు. 2022 మార్చిలో లీగ్ లాకౌట్ ముగిసిన వెంటనే ఓల్సన్, చాప్‌మన్ ఇద్దర్నీ వేరే టీమ్‌లకి ట్రేడ్ చేశారు, డిసెంబర్‌లో మర్ఫీని. అదే 2022కి సీజన్ టికెట్ల ధరలు పెంచారు. టీమ్‌ని పీకేసి ధర పెంచితే జనం తగ్గరా? ఆ ఏడాది 7 లక్షల 88 వేలు.

ఇంకో సంగతి. శాన్ హోసేలో టీమ్ పెట్టుకునే హక్కులు జెయింట్స్‌కి ఎలా వచ్చాయో కూడా తెలుసుకోండి. వాళ్లు కష్టాల్లో ఉన్నప్పుడు, అక్కడికి మారతామంటే మా హాస్ గారే సరే అన్నారు, పైసా తీసుకోకుండా. వాళ్లు వెళ్లలేదు గానీ హక్కు ఉంచుకున్నారు. ఏస్ వెళ్తామన్నప్పుడు అదే హక్కుతో ఆపారు. శాన్ హోసే నగరం సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 2015లో కేసు తీసుకోలేదు.

టాంపా శిరీష:
నేను రేస్ ఫ్యాన్‌ని. నాకు రెండు వైపులా కొంత నిజం కనిపిస్తోంది, కొంత మిగిలిపోతోంది కూడా.

మా వాళ్లు తక్కువ ఖర్చుతో గెలుస్తారు. 2008లోనూ 2020లోనూ వరల్డ్ సిరీస్‌కి వెళ్లారు. 2023లో 99 గెలిచారు. ఆ అక్టోబర్ 3న ట్రాపికానా ఫీల్డ్‌లో ప్లేఆఫ్ గేమ్‌కి 19,704 మంది. కోవిడ్ ఏడాది వదిలేస్తే ప్లేఆఫ్స్‌లో 1919 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు. 99 గెలిచిన టీమ్‌కి! కాబట్టి గెలుపు ఒక్కటే చాలదు.

ఎందుకు రారో ఇక్కడ ఉన్నవాళ్లకి తెలుసు. స్టేడియం సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, ఉద్యోగాల్లో సగానికి సగం టాంపాలో. మధ్యలో హోవార్డ్ ఫ్రాంక్లాండ్ వంతెన. వారం మధ్యలో సాయంత్రం పిల్లల్ని ఎక్కించుకుని ఆ వంతెన మీద నిలబడితే రెండో ఇన్నింగ్స్ అయిపోతుంది. తీరా చేరాక లోపల కాంక్రీటు డోమ్, పైన బంతికి తగిలే ఇనుప క్యాట్‌వాక్‌లు. అదీగాక ఇక్కడ సగంమంది న్యూయార్క్ నుంచి వచ్చిన వాళ్లు, యాంకీస్ స్ప్రింగ్ ట్రైనింగ్ ఊరు కూడా మాదే.

కానీ నమ్మకం సంగతి రాఘవ గారు చెప్పింది అక్షరాలా నిజం. 2019లో మా అప్పటి ఓనర్ స్టెర్న్‌బర్గ్ సగం సీజన్ ఇక్కడా, సగం మాంట్రియల్‌లో ఆడదామన్నాడు. లీగ్ 2022లో కాదంది కాబట్టి సరిపోయింది. స్టార్ పిచ్చర్ డేవిడ్ ప్రైస్‌ని అమ్మారు, లాంగోరియాని అమ్మారు, వరల్డ్ సిరీస్ ఆడిన రెండు నెలలకే స్నెల్‌ని అమ్మారు. మా అమ్మాయి గదిలో గోడ మీద ఎవరి పోస్టర్ పెట్టుకున్నా వాడు మూడేళ్లలో వెళ్లిపోతాడని దానికి ముందే తెలుసు. అలాంటి టీమ్‌ని మెచ్చుకోవచ్చు, మనసులో పెట్టుకోవడం కష్టం.

లెక్కల మాస్టారు:
ఎవరూ డబ్బు దారి గురించి మాట్లాడట్లేదు కాబట్టి నేను చెప్తాను.

ముందు హాజరు అంకె. మేజర్ లీగ్ ప్రకటించేది అమ్ముడుపోయిన టికెట్లు, గేటు దాటి వచ్చిన తలలు కాదు. కాబట్టి శ్రీను గారు చూసిన 9,500లో లోపల కూర్చున్నది ఇంకా తక్కువ.

రెండోది, గేటు డబ్బు మీదే టీమ్ బతికే రోజులు పోయాయి. జాతీయ టీవీ ఒప్పందాల డబ్బు 30 టీమ్‌లకీ సమానంగా పంచుతారు. దాని పైన, ప్రతి టీమ్ తన స్థానిక ఆదాయంలో ఖర్చులు పోను 48 శాతం ఒక కుండలో వేస్తుంది, అది మళ్లీ 30 వాటాలుగా పంచుతారు. అంటే డాడ్జర్స్, యాంకీస్ ఎక్కువ వేస్తారు, పైరేట్స్, రేస్ లాంటి వాళ్లు ఎక్కువ తీసుకుంటారు. స్టేడియం ఖాళీగా ఉన్నా ఈ చెక్కు ఆగదు.

ఆ డబ్బు టీమ్‌ని బాగుచేయడానికే వాడాలని ఒప్పందంలో రాసుకున్నారు. అలా వాడట్లేదని 2018లో ఆటగాళ్ల సంఘం నాలుగు టీమ్‌ల మీద ఫిర్యాదు వేసింది. ఆ నాలుగూ ఏవో చూడండి: ఏస్, పైరేట్స్, రేస్, మార్లిన్స్. హాజరు గురించి ఎప్పుడు మాట్లాడినా మన నోట్లో వచ్చే పేర్లు ఇవేగా?

శ్రీను గారూ, 2024 డిసెంబర్‌లో ఏస్ ఉన్నట్టుండి పిచ్చర్ సెవెరీనోకి మూడేళ్లకి 6 కోట్ల 70 లక్షల డాలర్లు ఇచ్చారు కదా. అప్పటిదాకా ఆ టీమ్ చరిత్రలో అంత పెద్ద ఒప్పందం లేదు. శాక్రమెంటో జనం మీద ప్రేమతో కాదు. పంపకంలో వచ్చే డబ్బుకి తగ్గట్టు పేరోల్ 10 కోట్ల పైకి లేపకపోతే మళ్లీ ఫిర్యాదు వస్తుందని అప్పట్లో అందరూ రాశారు. జనం వచ్చినందుకు పేరోల్ పెరగలేదు, రూల్ వెంటపడితే పెరిగింది. చర్చంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ఉప్పల్ పోరడు:
నాకు బేస్‌బాల్ మీ అంత తెల్వదు గానీ, ఇది చదువుతుంటే మన డెక్కన్ చార్జర్స్ యాదికొచ్చింది అన్నా. 2009ల సౌతాఫ్రికాల కప్పు గెలిచిన టీమ్. గిల్‌క్రిస్ట్ కెప్టెన్, రోహిత్ శర్మ మన దగ్గర్నే ఆడె. 2011 వేలంల రోహిత్ ముంబైకి పోయిండు. 2012ల ఓనర్ల పైసల లొల్లితోని బీసీసీఐ టీమ్నే రద్దు చేసింది. ఫ్యాన్స్ చేసిన తప్పేంది అండ్ల? సన్‌రైజర్స్ వచ్చిన్రు, మంచిగనే ఉంది, ఉప్పల్ ఇప్పుడు మొత్తం నారింజ రంగు. కానీ చార్జర్స్ జెర్సీ దాచుకున్నోళ్లు ఇప్పటికీ ఉన్నరు.

ఒక డౌట్. ఐపీఎల్‌ల 2025 వేలానికి పర్సు 120 కోట్లు, అండ్ల కనీసం 75 శాతం ఖర్చు పెట్టాల్సిందే. ఓనర్ పిసినారి అయినా తప్పించుకోలేడు. మీ బేస్‌బాల్‌ల ఇట్లాంటి రూల్ లేదా?

లెక్కల మాస్టారు:
లేదు తమ్ముడూ. జీతాల ఖర్చుకి పై గీత కూడా గట్టిది కాదు. 2025లో 24 కోట్ల 10 లక్షల డాలర్లు దాటితే పన్ను కట్టాలి, అంతే. డాడ్జర్స్ కట్టి ముందుకు పోతున్నారు. కింది గీత అసలే లేదు. 2023లో ఏస్ పేరోల్ 6 కోట్ల లోపు, 162లో 112 ఓడారు.

పెన్‌హిల్స్ మూర్తి:
పిట్స్‌బర్గ్ నుంచి మా పైరేట్స్ గోడు కూడా వినండి. మా ఇల్లు వెంకటేశ్వరస్వామి గుడికి దగ్గర. బయటి ఊళ్ల నుంచి దర్శనానికి వచ్చినవాళ్లని వేసవిలో పీఎన్‌సీ పార్క్‌కి తీసుకెళ్లడం నాకు అలవాటు. దేశంలో అంత అందమైన బేస్‌బాల్ స్టేడియం లేదు, నేను ఢంకా బజాయించి చెప్తాను. థర్డ్ బేస్ వైపు పైన కూర్చుంటే ఎదురుగా నది, పసుపు రంగు క్లెమెంటే వంతెన, వెనక డౌన్‌టౌన్ మేడలు. 2001లో కట్టారు, చాలావరకు ప్రజల డబ్బుతో. శిరీషమ్మ చెప్పిన వంతెన కష్టం మాకు లేదు. గేమ్ రోజు ఆ వంతెన మీద కార్లు ఆపేస్తారు, జనం నడిచి వస్తారు.

మరి స్టేడియం బాగుంటే చాలా? చాలదు. 1993 నుంచి 2012 దాకా ఇరవై సీజన్లు వరసగా ఓడిన టీమ్ మాది. అయినా 2013లో గెలవడం మొదలుపెట్టగానే ఊరు ఊరంతా కదిలింది. ఆ అక్టోబర్ 1న వైల్డ్ కార్డ్ గేమ్‌కి నల్ల చొక్కాలు వేసుకుని నలభై వేల మంది. రెడ్స్ పిచ్చర్ క్వేటో పేరుని స్టేడియం అంతా సాగదీసి అరుస్తుంటే అతని చేతిలోంచి బంతి జారి కిందపడింది. ఆ వెంటనే రస్సెల్ మార్టిన్ హోమ్ రన్ కొట్టాడు. ఆ అరుపు నా చెవుల్లో ఇంకా ఉంది. 2015లో 98 గెలిచారు, దాదాపు 25 లక్షల మంది వచ్చారు.

సరిగ్గా అక్కడ ఓనర్ బాబ్ నటింగ్ ఇంకో అడుగు వేసి ఉండాలి. వేయలేదు. 2018 జనవరిలో రెండు రోజుల తేడాతో గెరిట్ కోల్‌ని హ్యూస్టన్‌కి, మెకచ్చన్‌ని శాన్ ఫ్రాన్సిస్కోకి పంపేశారు. ఆ ఏడాది హాజరు 15 లక్షల లోపుకి పడింది. మూడేళ్లలో పది లక్షల మంది పోయారు! వాళ్లకి ఆట మీద ప్రేమ తగ్గిందా? లేదు, మనసు విరిగింది.

ఇప్పుడు పాల్ స్కీన్స్ ఉన్నాడు. 2025లో అతని ఈఆర్ఏ 1.97, మేటి పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఏకగ్రీవం. గెలుపోటములు 10-10. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. తొమ్మిది ఇన్నింగ్స్‌కి రెండు పరుగులు కూడా ఇవ్వని వాడు సగం సార్లు ఓడాడంటే వాడి వెనక బ్యాట్ పట్టుకునేవాళ్లని ఎవరు కొనలేదు?

డబ్బు సంగతి కూడా కాదు, గౌరవం సంగతి. స్టేడియం కట్టినప్పుడు బయట నేలలో పరిచే ఇటుకల మీద పేర్లు చెక్కించుకోమని ఫ్యాన్స్‌కి అమ్మారు. తండ్రి పేరు, చనిపోయిన తమ్ముడి పేరు వేయించుకున్నవాళ్లు ఉన్నారు. 2025 ఏప్రిల్‌లో ఆ ఇటుకలు తవ్వి తీసినవి రీసైక్లింగ్ యార్డులో గుట్టగా పడి కనిపించాయి. సొంత మైదానంలో సీజన్ మొదటి గేమ్ నాడే "టీమ్ అమ్మేయ్" అని బ్యానర్ కట్టుకుని విమానం తిరిగింది స్టేడియం మీద. జనం రావట్లేదని ఓనర్లు అంటారు గానీ, వచ్చినవాళ్లని ఎలా చూస్తున్నారు?

డాడ్జర్స్ కిరణ్:
మూర్తి గారూ, మీ పోస్ట్ చదివాక పిట్స్‌బర్గ్ విషయంలో నేను వాదించను. కానీ టాంపా కేసు ఇంకా నాకు అడ్డం వస్తోంది. అలాగే మయామీ మార్లిన్స్. 2012లో ప్రజల సొమ్ముతో కొత్త స్టేడియం వచ్చింది, రేయెస్, బ్యూర్లీ లాంటి వాళ్లని కొన్నారు, అయినా…

టాంపా శిరీష:
ఆ "అయినా" తర్వాత ఏం జరిగిందో కూడా రాయండి కిరణ్. కొన్న ఏడాది నవంబర్‌లోనే రేయెస్, బ్యూర్లీ, జాన్సన్ అందర్నీ ఒకే ట్రేడ్‌లో టొరాంటోకి తోసేశారు. ఓనర్ లోరియా 2002లో దాదాపు 16 కోట్లకి కొన్న టీమ్‌ని 2017లో 120 కోట్ల డాలర్లకి అమ్ముకుని వెళ్లాడు. కొత్తవాళ్లు వచ్చీ రాగానే స్టాంటన్, యెలిచ్, ఒజూనా ముగ్గుర్నీ పంపించారు. మయామీ జనం టికెట్ కొననిది బేస్‌బాల్‌కి కాదు, ఆ ఓనర్లకి.

వార్మ్‌స్ప్రింగ్స్ రాఘవ:
శిరీష గారూ, మీ రేస్‌తో గేమ్ రోజునే ఓక్లాండ్‌లో రివర్స్ బాయ్‌కాట్ జరిగింది. 2023 జూన్ 13, మంగళవారం. లాస్ వెగస్ వెళ్లిపోతామని ఏప్రిల్‌లోనే చెప్పేశారు. లీగ్‌లో మీరు టాప్, మేం అట్టడుగు. మామూలు మంగళవారం అయితే నాలుగైదు వేలు కూడా ఉండరు. ఫ్యాన్స్ గ్రూపులు పూనుకుని ఆ ఒక్కరోజు అందరం వెళ్దామన్నాయి. నేను బార్ట్ రైలు దిగి స్టేడియంకి వెళ్లే ఆ కంచె వంతెన మీద నడుస్తుంటే ముందూ వెనకా పచ్చ టీషర్టులే, మీద "సెల్", అంటే అమ్మేయ్, అని ఒకటే మాట. పార్కింగ్‌లో ఉచితంగా పంచారు. 27,759 మంది. ఐదో ఇన్నింగ్స్ మొదట్లో ముందే అనుకున్నట్టు అందరూ నిశ్శబ్దం అయిపోయారు. రైట్ ఫీల్డ్ డ్రమ్ముల వాళ్లు కూడా. తర్వాత ఒక్కసారిగా "సెల్ ద టీమ్" అని మొదలైంది. నా పక్కన ఒక పెద్దావిడ, డెబ్భై పైనే ఉంటాయి, గొంతు పోయేదాకా అరిచింది. 2-1తో గెలిచాం, వరసగా ఏడో గెలుపు.

అదే రోజు నెవాడా సెనేట్ వెగస్ స్టేడియానికి 38 కోట్ల డాలర్ల ప్రజాధనం ఇవ్వడానికి ఓటేసింది. రెండు రోజులకి కమిషనర్ మాన్‌ఫ్రెడ్, ఒక రాత్రికి దాదాపు లీగ్ సగటు జనం వచ్చారు, సంతోషం అన్న ధోరణిలో మాట్లాడాడు. ఆ మాట ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. నవంబర్‌లో 30 మంది ఓనర్లూ ఏకగ్రీవంగా సరే అన్నారు.

చివరి గేమ్ 2024 సెప్టెంబర్ 26. 46,889 మంది. జనం లేరట!

ఉప్పల్ తమ్ముడూ, నీకొక విషయం. 2025 జూన్‌లో అదే కొలీజియంలో మన క్రికెట్ ఆడారు, మేజర్ లీగ్ క్రికెట్. ఫిన్ అలెన్ 19 సిక్స్‌లు కొట్టాడు, టీ20లో ప్రపంచ రికార్డు. మా ఫ్రీమాంట్ వాళ్లందరూ వెళ్లారు. నేనూ వెళ్లాను, బాగుంది, కానీ నా కళ్లు మాటిమాటికీ పిచ్చర్ మట్టిదిబ్బ ఉండే చోటుకే పోయాయి.

ఫోల్సమ్ శ్రీను:
ఇదంతా చదివాక శాక్రమెంటో జనం ఎందుకు ఆచితూచి ఉన్నారో తెలుస్తోంది. ఇక్కడ మూడేళ్ల మజిలీ మాత్రమే, 2028కి వెగస్ అని ముందే చెప్పారు. పేరులో శాక్రమెంటో అని కూడా పెట్టుకోలేదు, ఉత్త అథ్లెటిక్స్. పైగా ఆ మైదానం రివర్‌క్యాట్స్‌ది, వాళ్లు జెయింట్స్ వాళ్ల ట్రిపుల్-ఏ (మైనర్ లీగ్) టీమ్. అంటే ఈ ఊరి పిల్లలు ఆ సీట్లలోనే కూర్చుని జెయింట్స్‌కి అలవాటు పడ్డారు.

ఏస్ బ్యాటర్లు రూకర్‌కి, బట్లర్‌కి మాత్రం ఆరు కోట్లు, ఆ పైన డాలర్ల దీర్ఘకాలిక ఒప్పందాలు ఇచ్చారు. అది మంచి గుర్తు కాదా?

లెక్కల మాస్టారు:
మంచిదే, కాదనను. కానీ అది వెగస్ కోసం దాచుకుంటున్న సరుకు. అంతకన్నా పెద్ద విషయం: ఆటగాళ్ల సంఘంతో లీగ్ ఒప్పందం 2026 డిసెంబర్ 1తో అయిపోతుంది. ఓనర్లు జీతాలకి పై గీత కావాలంటారు, సంఘం ఒప్పుకోదు. 1994లో ఇదే గొడవతో సమ్మె వచ్చి వరల్డ్ సిరీసే రద్దయింది. ఆ రోజుకి అన్ని టీమ్‌లకన్నా ముందున్నది మాంట్రియల్ ఎక్స్‌పోస్, 74-40. సమ్మె అయ్యాక 1995 ఏప్రిల్‌లో హిల్, వెట్‌లాండ్, గ్రిసమ్ ముగ్గుర్నీ రోజుల వ్యవధిలో ట్రేడ్ చేశారు, వాకర్‌ని వదులుకున్నారు. జనం తగ్గారు, ఊరికి బేస్‌బాల్ అక్కర్లేదన్నారు, 2005లో టీమ్ వాషింగ్టన్ వెళ్లిపోయింది.

డాడ్జర్స్ కిరణ్:
పై గీత పెట్టండి, మాకేం అభ్యంతరం లేదు. డాడ్జర్స్ అప్పుడు కూడా గెలుస్తారు. కానీ పై గీత ఒక్కటే పెడితే మిగిలిన డబ్బు నటింగ్, ఫిషర్ల జేబులోకే వెళ్తుంది.

పెన్‌హిల్స్ మూర్తి:
అందుకే కింది గీత ముందు పెట్టాలి కిరణ్. పంచిన డబ్బు ఆటగాళ్ల మీద పెట్టకపోతే ఆ ఏడాది వాటా కోసేయాలి. ఆ ఒక్క రూల్ రాస్తే స్కీన్స్‌కి ఇద్దరు బ్యాటర్లు దొరుకుతారు.

టాంపా శిరీష:
మాకు 2025లో ఓనర్ మారాడు. హరికేన్ మిల్టన్ డోమ్ కప్పు చీల్చేశాక ఒక సీజన్ యాంకీస్ వాళ్ల స్ప్రింగ్ మైదానంలో తలదాచుకున్నాం. కొత్తాయన జలుప్స్కీ టాంపా వైపు స్టేడియం చూస్తున్నాడు. వంతెన సమస్య తీరుతుందేమో. నాకు మాత్రం స్టేడియం బొమ్మల కన్నా ముందు ఒకటి కావాలి: మా కుర్ర స్టార్ జూనియర్ కామినెరోకి పదేళ్ల ఒప్పందం. అది సంతకం అయిన రోజు సీజన్ టికెట్లకి డబ్బు కడతాను. మా అమ్మాయికి ఈ మాట ఇచ్చేశాను కూడా.